సుద్ద గుర్తు

తుఫానుకి పేరు పెడతారు.
తుఫాను రాని నెలలకి ఎవరూ పెట్టరు.
నవంబరు ఆఖరున కంపెనీ ఫోను ఒక్కసారి మోగుతుంది:
"ఫైళ్ళు మూసేశాం వెర్నెల్,
మళ్ళీ గాలి లేస్తే పిలుస్తాం."

గాలి లేవాలి.
ఎవరి కప్పో ఎగిరితే గానీ
మా పొయ్యిలో పిల్లి లేవదు.
ఈ మాట మా ఆవిడ లొరెట్‌తో కూడా అనను.
ఆదివారం చర్చిలో అందరూ తీరం చల్లగుండాలని వేడుకుంటే
నేను పెదవులు మాత్రం కదుపుతాను.
ఇల్లు కాలి ఒకరేడుస్తుంటే చుట్టకు నిప్పడిగినవాణ్ణి
తిట్టనివాళ్ళు లేరు,
వాడికి చలేసిందేమోనని ఎవరూ అడగలేదు.

లేక్ చార్ల్స్‌లో చలికాలమంటే తడి.
డిసెంబరంతా పెకాన్ కాయలు కొనే షెడ్డులో
కాటా దగ్గర నిలబడ్డాను.
పుచ్చుకాయ ఏదో చెయ్యి పెడితే చెప్పేస్తాను,
నష్టాన్ని తడిమి చూడడమే కదా నా చదువు.
జనవరిలో పన్నుల ఆఫీసువాళ్ళు
ఆకుపచ్చ అంగీ తొడిగి, స్పాంజి కిరీటం పెట్టి
రోడ్డు మలుపులో నిలబెట్టారు.
యాభై రెండేళ్ళ స్వేచ్ఛాదేవతని,
మాసిన గడ్డంతో కార్లకి చెయ్యి ఊపుతూ.
గంటకి తొమ్మిది డాలర్లు.

ఫిబ్రవరికి నిచ్చెన మిగిలింది.
వాయిదాలన్నీ తీరిన ఆస్తి అదొక్కటే.
కిరాణా కొట్టు అద్దానికి చీటీ అంటించాను:
చూరు కాలువలు శుభ్రం చేయబడును, నలభై.

మొదట పిలిచింది మిస్ ఓడీల్ గిడ్రీ.
వీధి తిరగ్గానే కడుపులో ఏదో కదిలింది,
గేటు చూశాక తెలిసింది.
ఆమె గుర్తుపట్టలేదు.
అప్పుడు నాకు ఇస్త్రీ చొక్కా, మెడలో బిళ్ళ.
"జాగ్రత్త బాబూ, అటువైపు మెత్తగా ఉంటుంది,"
అంది, కప్పు గురించి, నాకే.
ఆ మెత్తదనాన్నే
"పాతబడి అరిగింది, తుఫానుది కాదు"
అని రాసి సంతకం పెట్టాను.

అబద్ధం అనలేను.
సగం గాలిది, సగం కాలానిది.
సగాలు రాసే గడి ఆ ఫారంలో లేదు,
ఆ రోజు నాకింకా పదకొండు ఇళ్ళున్నాయి.

పైన్ ఆకులు పిడికిళ్ళతో తోడుతున్నాను.
నీలి టార్పాలిన్ మూల ఒకటి మేకు వదిలి
టపటపా కొట్టుకుంటోంది.
సర్దుదామని ఎత్తితే
కింద సుద్దతో ఒక గుండ్రం.
గుండ్రమంటే దెబ్బ అని మా లెక్క.
నా చేతి గీతే.
పద్దెనిమిది నెలల వానలు ఊరంతా కడిగి
ఇంత చోటు వదిలేశాయి.
ఇంటిని కాపాడలేని గుడ్డ
నా గుర్తుని మాత్రం భద్రంగా దాచింది.

బొటనవేలు తడి చేసుకున్నాను.
చెరపలేదు.
అదేం మంచితనం కాదు,
ఆవిడ నిచ్చెన పట్టుకుని పైకే చూస్తోంది.

దిగాక రెండు ఇరవైలు ఇచ్చింది,
పిండి డబ్బా వాసన.
"ఇన్సూరెన్సు మనిషొకడు వచ్చాడు బాబూ,
పది నిమిషాలున్నాడు. మంచినీళ్ళిస్తే తాగాడు."
తాగాను. ఐసు వేసిచ్చింది, నిమ్మచెక్క కూడా.

ట్రక్కు దాకా వెళ్ళి, సుత్తితో తిరిగొచ్చి
ఆ మూలకి నాలుగు మేకులు కొట్టాను.
"దీనికెంత?" అంది.
"నలభైలోనే ఉందమ్మా.
మళ్ళీ అడగడానికి ఆగస్టు దాకా గడువుంది.
ఎవరైనా వస్తే ఈ గుడ్డ ఎత్తి చూడమను,
కింద గుర్తులున్నాయి."
"నీకెలా తెలుసు?"
"కప్పులెక్కే పని కదా," అన్నాను.

కరెంటు బిల్లు నూట పన్నెండు.
ట్రక్కులో రేడియో చెబుతోంది,
గల్ఫ్ నీళ్ళు ఈ ఏడు ముందే వేడెక్కుతున్నాయట.
కట్టేద్దామని చెయ్యి పెట్టి
కాస్త పెంచాను.